మొదటి వార్‌గేమ్ ఏది కొనాలి? ముందు తంటాలు చూసి ఎంచుకోండి

టేబుల్ మీద బొమ్మల సైన్యాలు నిలబెట్టి, టేపుతో అంగుళాలు కొలిచి, డైస్ వేసి ఆడే యుద్ధాల ఆటలు మన దగ్గర కొద్దిమందే ఆడతారు. ఆ కొద్దిమందికీ కొత్తవాళ్ల నుంచి తరచూ వచ్చే ప్రశ్న ఒకటే: "ముందు ఏది కొనమంటారు?" దానికి జవాబుగా ఎవరికి నచ్చిన ఆటను వాళ్లు మెచ్చుకుంటారు. నేను ఇంకో వైపు నుంచి చెబుతాను. ఇక్కడ పోల్చబోయే ఆటలన్నీ బాగుంటాయి. కానీ ఈ హాబీని మధ్యలో వదిలేసినవాళ్లను కదిపి చూడండి. ఆడటానికి ఎవరూ దొరకలేదంటారు, రంగులు వేయడం సగంలో ఆగిపోయిందంటారు, టేబుల్ ఖాళీ ఉండదంటారు, వానాకాలంలో ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) కొడితే బొమ్మలన్నీ పాడయ్యాయంటారు. ప్రతి ఆటకూ దాని సంతోషం దానికి ఉన్నట్టే దాని తంటా కూడా దానికి ఉంది. మీరు ఓర్చుకోగలిగిన తంటా ఏదో తేల్చుకుంటే ఏ ఆట కొనాలో దాదాపు తేలిపోయినట్టే.

ఎదురుగా కూర్చునేదెవరు?

హైదరాబాద్, బెంగళూరు లాంటి చోట్ల బోర్డ్ గేమ్ కేఫ్‌లున్నాయి, వెతికితే ఆడేవాళ్లు దొరుకుతారు. కరీంనగర్‌లోనో గుంటూరులోనో ఉంటే ఆ ఆశ పెట్టుకోకుండా మొదలుపెట్టడం మంచిది. అమెరికాలో, ఇంగ్లండ్‌లో ఉన్న మనవాళ్ల పరిస్థితి వేరు. అక్కడ చాలా ఊళ్లలో గేమ్ స్టోర్ ఉంటుంది, వారంలో ఒక సాయంత్రం దాన్ని వార్‌హామర్ అనే పేరున్న బొమ్మల యుద్ధపు ఆట ఆడేవాళ్లకే వదిలేస్తారు.

దగ్గర్లో ఇప్పటికే ఆడే గుంపు ఉంటే వాళ్లు ఆడేదే కొనండి, ఇంకేమీ ఆలోచించొద్దు. మీకు రోమన్లంటే ఎంత ఇష్టమైనా సరే, అక్కడ అందరూ వార్‌హామర్ ఆడుతుంటే మీ రోమన్ సైన్యం అల్మారాలోనే ఉండిపోతుంది. గుంపు లేకపోతే రెండు వైపుల సైన్యాలూ మీరే కొనాలి, రూల్స్ మీరే నేర్చుకోవాలి, తమ్ముడినో బావమరిదినో స్నేహితుడినో బతిమాలి కూర్చోబెట్టాలి. అలా కూర్చున్న మనిషి ఓపిక మహా అయితే గంట, గంటన్నర. ఆ సమయంలో ఆట అయిపోవాలి, అతను ఒక్కసారైనా గెలిచేలా ఉండాలి. ఈ ఒక్క లెక్కతోనే సగం ఆటలు పక్కకు వెళ్లిపోతాయి.

డబ్బా తెరవగానే ఆడేవి

ఇంట్లోవాళ్లతోనే ఆడాలనుకుంటే నా మొదటి సలహా మెమొయిర్ 44. రిచర్డ్ బోర్గ్ తయారుచేసిన ఈ ఆట 2004లో, రెండో ప్రపంచ యుద్ధంలోని నార్మండీ దాడికి 60 ఏళ్లు నిండిన సందర్భంగా వచ్చింది. ఆరు భుజాల గళ్లున్న బోర్డు, ప్లాస్టిక్ సైనికులు, ట్యాంకులు, ఫిరంగులు అన్నీ డబ్బాలోనే ఉంటాయి. అతికించే పని లేదు, రంగు వేసే పని లేదు. బోర్డు ఎడమ, మధ్య, కుడి అని మూడు భాగాలుగా ఉంటుంది. ఏ భాగంలో ఎన్ని దళాలను కదపవచ్చో మీ చేతిలోని కార్డు చెబుతుంది. మొదటి పోరాటం పెగాసస్ వంతెన దగ్గరిది. హైస్కూలు పిల్లలు ఒక్క ఆటలో నేర్చేసుకుంటారు, గంటలోపు ముగుస్తుంది.

దీని తంటా ఆ కార్డులే. ఎడమ వైపు శత్రువు మీదికొచ్చేస్తుంటాడు, మీ చేతిలో ఉన్నవన్నీ కుడి వైపు కార్డులే ఉంటాయి. అనుకున్నది అనుకున్నట్టు జరగాలని పట్టుబట్టే మనిషికి ఇక్కడ ఒళ్లు మండుతుంది. నాకు మాత్రం ఆ ఇబ్బందే ఇష్టం. ఆజ్ఞ అందని దళం నిలబడిపోయి చూడటం నిజం యుద్ధాల్లోనూ జరిగేదే. మీ ఇంట్లో ఓడిపోతే అలిగేవాళ్లుంటే, ఇదే ఆట వైపులు మార్చుకుని రెండోసారి ఆడండి. తేడాను కార్డుల మీదికి నెట్టేయొచ్చు కాబట్టి గొడవ పెద్దది కాదు.

బోర్గే చేసిన ఇంకో ఆట, 2006లో జీఎంటీ కంపెనీ వేసిన కమాండ్స్ అండ్ కలర్స్: ఏన్షెంట్స్, పురాతన కాలపు రోమ్, కార్తేజ్‌ల మధ్య యుద్ధాల గురించి. ఇందులో బొమ్మలకు బదులు మూడు వందలకు పైగా చెక్క దిమ్మలుంటాయి, వాటికి రెండు వైపులా స్టిక్కర్లు మనమే అంటించాలి. ఇంట్లో నలుగురూ కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ చేసే పని అది, నిజంగా బాగుంటుంది. స్టిక్కర్ వంకరగా పడితే వదిలేయండి. పీకి మళ్లీ అంటిస్తే అంచులు లేస్తాయి.

ఒంటరిగా ఆడుకోవడం ఇష్టమైతే అట్టముక్కల ఆటలున్నాయి. పెద్ద మ్యాపు, దాని మీద అరంగుళం చదరపు అట్టముక్కలు, ఒక్కో ముక్క ఒక్కో దళం. చార్ల్స్ రాబర్ట్స్ బాల్టిమోర్ దగ్గర అవలాన్ హిల్ కంపెనీ పెట్టి, 1958లో గెటిస్‌బర్గ్ అనే ఆట తెచ్చిన కాలం నుంచి ఈ దారి నడుస్తోంది. చరిత్ర చదివేవాళ్లకు వీటికి మించినవి లేవు. ఒక సైన్యం ఎందుకు ఆ వాగు దగ్గరే ఆగిపోయిందో పుస్తకంలో చదివినప్పటికంటే మ్యాపు మీద బాగా అర్థమవుతుంది. రెండు వైపులా మీరే ఆడుకోవచ్చు.

కానీ మన ఇళ్లలో వీటికి మొదటి శత్రువు సీలింగ్ ఫ్యాన్. మే నెల మధ్యాహ్నం ఫ్యాన్ ఆపితే చెమటకు మ్యాపు తడుస్తుంది, వేస్తే ముక్కలు కదిలిపోతాయి. కరెంటు పోయి మళ్లీ వచ్చినప్పుడు అయిదు నంబర్ మీద ఉన్న ఫ్యాన్ ఒక్కసారిగా తిరిగితే మూడు రోజుల ఆట నేల మీద ఉంటుంది. ఏసీ గది ఉంటే అక్కడ పెట్టండి. లేకపోతే వీటిని కంప్యూటర్‌లోనే ఆడండి. వాసల్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది, చాలా ఆటల మ్యాపులు, ముక్కలు దాంట్లో దొరుకుతాయి. ఎక్కడో ఉన్న స్నేహితుడితో రోజుకో ఎత్తు చొప్పున ఆడుకోవచ్చు. అట్టముక్కను చేత్తో తాకే సుఖం పోతుంది, ఫ్యాన్ భయం కూడా పోతుంది.

చిన్న సైన్యం, మొత్తం సైన్యం

బొమ్మలు కావాలి, రంగులు వేయాలి, చరిత్ర కూడా కావాలి అనేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది డీబీఏ (డి బెల్లిస్ ఆంటిక్విటాటిస్). ఫిల్ బార్కర్ వాళ్ల బృందం 1990లో తెచ్చిన రూల్స్ ఇవి. పురాతన కాలం నుంచి మధ్యయుగాల చివరి దాకా ఏ సైన్యమైనా ఇందులో సరిగ్గా 12 దళాలే. 15 మిల్లీమీటర్ల ఎత్తు బొమ్మలతో ఒక్కో దళం 40 మిల్లీమీటర్ల వెడల్పున్న బేస్ (అడుగు పలక) మీద నిలబడుతుంది. ఒక బేస్ మీద నలుగురు ఈటెగాళ్లు ఉండొచ్చు, ముగ్గురు రౌతులు ఉండొచ్చు, ఏనుగైతే ఒక్కటే. రెండడుగుల చదరం చోటు చాలు, అంటే మన డైనింగ్ టేబుల్‌లో సగం. అన్నం వేళకు తీసేయొచ్చు.

ఆట మొత్తం ఒక చిన్న విషయం మీద నడుస్తుంది. మీ వంతు రాగానే ఒక డైస్ వేస్తారు. నాలుగు పడితే నాలుగు కదలికలు, ఒకటి పడితే ఒకటే. ఒకదానికొకటి ఆనుకుని వరుసగా ఉన్న దళాలు ఒకే కదలికలో కలిసి నడుస్తాయి. అందుకే మొదట్లో అందరూ బుద్ధిగా వరుస కట్టుకుంటారు. వరుస విరిగాకే అసలు టెన్షన్. ఎడమ చివర రౌతులను వెనక్కి పిలవాలి, మధ్యలో ఖాళీ పూడ్చాలి, డైస్ మీద చూస్తే ఒకటి. నాలుగు దళాలు పోగొట్టుకుని, ఎదుటివాడికన్నా ఎక్కువ నష్టపోయినవాడు ఓడినట్టు. గంటలో రెండు ఆటలు ఆడేవాళ్లు కూడా ఉన్నారు.

మనవాళ్లకు ఇందులో ఇంకో ఆకర్షణ ఉంది. డీబీఏ సైన్యాల జాబితాల్లో హిందూ ఇండియన్ పేరుతో ఒకటుంది. ఏనుగులు, గుర్రాలు, విలుకాళ్లు, కత్తివీరులు అందులో ఉన్నారు. దాన్ని ఓరుగల్లు సైన్యంగా రంగులేసుకుని, ఎదురుగా ఢిల్లీ సుల్తానుల సైన్యం పెట్టండి. రెండు వైపులా కలిపి 24 బేసులు. ఓపిగ్గా చేస్తే ఒక్క వేసవి సెలవుల్లో రెండూ పూర్తవుతాయి, ఎవరొచ్చినా ఆడించొచ్చు. పూర్తిగా రంగులేసిన రెండు సైన్యాలు ఇంట్లో ఉండటం ఎంత తృప్తిగా ఉంటుందో, పెద్ద సైన్యం సగంలో ఆగిపోయినవాళ్లకు తెలుస్తుంది.

దీని తంటా రూల్‌బుక్. బార్కర్ వాక్యాలు బిగించి రాసినవి, ఒక్కో వాక్యాన్ని మూడుసార్లు చదవాలి. పుస్తకం పట్టుకుని ఒంటరిగా కుస్తీ పట్టే బదులు, ముందు ఎవరైనా ఆడిన వీడియో ఒకటి చూసి తర్వాత చదవండి. ఇంకొకటి, 15 మిల్లీమీటర్ల బొమ్మలు ఎక్కువగా లోహానివి, ఈటెలు సన్నగా ఉంటాయి. పట్టుకున్న ప్రతిసారీ వంగుతాయి, రెండు మూడుసార్లు వంగాక విరుగుతాయి. బేస్ పట్టుకుని కదపడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి, ఎదుటివాళ్లకూ చెప్పండి.

వార్‌హామర్ కావాలంటే ఏ వార్‌హామర్?

చాలామంది ఈ హాబీలోకి వచ్చేది వార్‌హామర్ 40,000 బొమ్మలు చూసి. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ కేంద్రంగా నడిచే గేమ్స్ వర్క్‌షాప్ 1987లో మొదలుపెట్టిన ఆట ఇది. ఆ బొమ్మలు నిజంగా అద్భుతంగా ఉంటాయి. కవచం మీద ముద్రలు, అంగీ మడతలు, బెల్టుకు వేలాడే చిన్న పుర్రెలు. 28 మిల్లీమీటర్ల స్థాయి ఆటల్లో ప్లాస్టిక్ పనితనం చూడాలంటే ఇక్కడే చూడాలి.

ఇందులో ఒక్కో బొమ్మకు ఇన్ని పాయింట్లని లెక్క ఉంటుంది. మామూలుగా ఆడే 2000 పాయింట్ల ఆటకు 44 అంగుళాల వెడల్పు, 60 అంగుళాల పొడవు టేబుల్ కావాలి. మూడు గంటలు సులభంగా పడుతుంది. ఇందులో ఒకరి వంతు మొత్తం అయ్యాకే రెండోవాళ్లది మొదలవుతుంది కాబట్టి, ఎదుటివాడు సైన్యమంతా కదిపి కాల్చేదాకా మీరు ఎక్కువగా డైస్ వేసి ప్రాణాలు కాపాడుకుంటూ కూర్చోవాలి. కొత్తగా వచ్చిన స్నేహితుడు ఫోన్ తీసేది ఇక్కడే. ఇంకో తంటా రూల్స్ ఎడిషన్లు. 2017లో ఒకటి, 2020లో ఒకటి, 2023లో ఒకటి వచ్చాయి. బొమ్మలు పనికొస్తూనే ఉంటాయి గానీ పుస్తకాలు పాతబడతాయి. మన దేశానికి తెప్పించుకుంటే పోస్టేజీ, కస్టమ్స్ సుంకం కూడా కలుస్తాయి. ఆడే గుంపు దగ్గర్లో లేకుండా 2000 పాయింట్ల సైన్యం కొనొద్దు. ఈ మాటలో నాకు రెండో ఆలోచన లేదు.

ఆ ప్రపంచమే, ఆ బొమ్మలే కావాలంటే కిల్ టీమ్ ఉంది. ఒక్కో వైపు ఆరేడుగురి నుంచి పది పన్నెండు మంది దాకా. బోర్డు సుమారు 22 అంగుళాలు, 30 అంగుళాలు. ఒకరు ఒక మనిషిని కదిపితే ఎదుటివాళ్లు ఒక మనిషిని కదుపుతారు, ఎవరూ ఖాళీగా కూర్చోరు. ఒక పెట్టె బొమ్మలతో ఒక జట్టు తయారవుతుంది. పది బొమ్మలే కదా, ఒక్కో దాని మీద మనసు పెట్టి రంగులు వేయొచ్చు, పేరు కూడా పెట్టుకోవచ్చు. నిచ్చెన ఎక్కి చివరి వంతులో గురి చూసి కొట్టినవాడి కథ నెలల తరబడి చెప్పుకుంటారు. దీని తంటా చిన్నచిన్న రూల్స్. ప్రతి మనిషికీ ప్రత్యేక శక్తులు, ప్రతి జట్టుకూ ప్రత్యేక ఎత్తులు. ఎవరు ఎవరిని చూడగలరు, ఎవరు చాటున ఉన్నట్టు అనే వాదన ప్రతి ఆటలోనూ వస్తుంది.

కిల్ టీమ్‌కూ పెద్ద ఆటకూ మధ్యలో కంబాట్ పట్రోల్ ఉంది. ఒక పెట్టెలో ఉన్న బొమ్మలతోనే, 44కి 30 అంగుళాల చోటులో ఆడతారు. పాయింట్ల లెక్కలు లేవు. ఇద్దరు స్నేహితులు చెరో పెట్టె కొనుక్కోవడానికి సిద్ధంగా ఉంటే ఇది మంచి దారి.

రెండో ప్రపంచ యుద్ధం బొమ్మల ఆటే కావాలంటే బోల్ట్ యాక్షన్ చూడండి. వార్లార్డ్ గేమ్స్, ఆస్ప్రే అనే కంపెనీలు కలిసి 2012లో తెచ్చాయి. రెండు వైపుల డైస్ ఒకే సంచీలో వేసి ఒక్కోటి తీస్తారు, ఎవరి రంగు వస్తే వాళ్లు ఒక దళానికి ఆజ్ఞ ఇస్తారు. సంచీలో చెయ్యి పెట్టే ఆ క్షణం కోసమే ఈ ఆట ఆడొచ్చు. 1944లో ఇంఫాల్, కోహిమాల దగ్గర పోరాడిన భారత సైనికులను టేబుల్ మీద నిలబెట్టే అవకాశం కూడా ఉంది. కానీ ఆరడుగుల టేబుల్, ఒక్కో వైపు ముప్పై నలభై బొమ్మలు కావాలి. రెండో ఆటగా పెట్టుకోండి.

రంగుల దగ్గర జరిగేవి

ఆట ఎంచుకునే ముందే ఈ పని మీకు నచ్చుతుందో లేదో తెలుసుకోవాలి, ఎందుకంటే బొమ్మల ఆటల్లో ఎక్కువ గంటలు పోయేది ఇక్కడే. ఒక్క బొమ్మ కొని ప్రయత్నించండి. ఉదాహరణకు డీబీఏ ఏనుగు. బూడిద రంగు వేశాక అది చదునుగా, బొమ్మలాగే ఉంటుంది. దాని మీద పల్చటి నల్ల వాష్ (నీళ్లలాంటి రంగు) పూయగానే రంగు తొండం ముడతల్లోకి, చెవుల వెనక్కి, అంబారీ కట్టిన తాళ్ల కిందికి దిగి నిలుస్తుంది. ఆరాక ఇంచుమించు పొడిగా ఉన్న బ్రష్‌తో లేత బూడిద రంగును నుదురు మీద, వెన్ను మీద, మోకాళ్ల మీద తాకిస్తే ఏనుగు చర్మం కళ్ల ముందే తేలుతుంది. అది చూసి మీకు ఇంకో బొమ్మ చేతిలోకి తీసుకోవాలనిపిస్తే బొమ్మల ఆటలు మీవి. విసుగొస్తే మెమొయిర్ 44 వైపు వెళ్లండి, అందులో తక్కువేమీ లేదు.

వాతావరణం సంగతి. స్ప్రే ప్రైమర్ తేమగా ఉన్న రోజు కొడితే గరుకుగా, పొడి చల్లినట్టు పడుతుంది. మెరుపు లేని మ్యాట్ వార్నిష్ అయితే ఇంకా దారుణం, పూర్తయిన బొమ్మ మీద తెల్లటి మసక కమ్ముతుంది. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల ఏడాదిలో చాలా నెలలు, హైదరాబాద్‌లో వానాకాలమంతా ఈ ప్రమాదం ఉంది. బ్రష్‌తో వేసే ప్రైమర్, బ్రష్‌తో వేసే వార్నిష్ కొనుక్కోండి. కొంచెం ఆలస్యమైనా గుండెలు బాదుకునే పని ఉండదు. ఎండాకాలంలో మరో రకం ఇబ్బంది, రంగు ప్యాలెట్ మీదే ఎండిపోతుంది. మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో తడి టిష్యూ పరిచి, దాని మీద బేకింగ్ బటర్ పేపర్ వేసి రంగు కలపండి. రాత్రి మూత పెడితే తెల్లారి కూడా అదే రంగు పనికొస్తుంది.

జిగురు విషయంలో ఒక ఎంపిక. ప్లాస్టిక్ బొమ్మలకు ప్లాస్టిక్ సిమెంట్ వాడితే అది అంచులను కరిగించి ఒకటి చేస్తుంది, మళ్లీ ఊడదు. లోహానికీ రెసిన్‌కూ ఫెవిక్విక్ లాంటివే దిక్కు. అయితే బొమ్మ కింద పడితే ఆ అతుకు పుటుక్కున ఊడుతుంది, అతికించేటప్పుడు వేళ్లు కూడా అతుక్కుంటాయి. బేసుల మీద ఇసుకకు ఫెవికాల్ చాలు. కొండలకు థర్మోకోల్ వాడితే స్ప్రే రంగు మాత్రం నేరుగా కొట్టొద్దు, కరిగి గుంటలు పడుతుంది. ముందు ఫెవికాల్ పూత వేసి ఆరనివ్వండి.

ఇంట్లో దాచుకోవడం, మోసుకెళ్లడం

చిన్న సైన్యం కొనమనడానికి ఇది ఇంకో కారణం. డీబీఏ సైన్యం ఒక బిస్కెట్ల డబ్బాలో పడుతుంది. బేసుల కింద అయస్కాంతం షీటు అంటించి రేకు డబ్బాలో పెడితే ఆటోలో కుదుపులకూ కదలవు. వంటింట్లో ఉండే స్టెయిన్‌లెస్ స్టీలు డబ్బాల్లో చాలావాటికి అయస్కాంతం అంటదు, కొనే ముందు అంటించి చూడండి. రెసిన్ బొమ్మలను ఎండలో నిలిపిన కారులో వదలొద్దు, కత్తులు, ఈటెలు వంగుతాయి. వంగితే వేడి నీళ్లలో ముంచి సరిచేసి, వెంటనే చన్నీళ్లలో పెట్టండి.

ఆడేటప్పుడు డైస్ కోసం అంచులున్న పళ్లెం ఒకటి, అడుగున గుడ్డ పరిచి పక్కన పెట్టుకోండి. లేకపోతే డైస్ వెళ్లి వరుసలో నిలబడ్డ ఈటెగాళ్లను కొడుతుంది, లేదా దివాన్ కిందికి పోతుంది. ఏటవాలుగా ఆగిన డైస్‌ను మళ్లీ వేయాలా వద్దా అన్నది ఆట మొదలవకముందే అనుకోండి. గెలుపోటములు దాని మీద తేలే సమయంలో ఏ నిర్ణయం చేసినా ఒకరికి బాధే.

ఇక ఎవరికి ఏది?

పిల్లలున్న ఇల్లు, రంగుల మీద ఆసక్తి లేదు: మెమొయిర్ 44. ఒంటరిగా రాత్రిళ్లు చరిత్రలో మునిగిపోవాలి: అట్టముక్కల ఆట, ఏసీ గది లేదా వాసల్. దగ్గర్లో వార్‌హామర్ గుంపు ఉంది: కిల్ టీమ్‌తో మొదలుపెట్టి, ఆరు నెలల తర్వాత కూడా ఆ మోజు తగ్గకపోతే పెద్ద సైన్యం. గుంపు లేదు, చరిత్ర ఇష్టం, ఒక్క స్నేహితుడు ఉన్నాడు: డీబీఏ, రెండు సైన్యాలూ మీరే.

ఈ చివరి రకం వాళ్లకు తర్వాతి మెట్టు కూడా చెబుతాను. తుపాకుల కాలానికి వెళ్లాలనిపిస్తే ఇంగ్లండ్, ఫ్రాన్స్ యుద్ధాల కోసం ఐరోపా దాకా పోనక్కర్లేదు. 1758 డిసెంబర్‌లో పిఠాపురం దగ్గర చందుర్తిలో కల్నల్ ఫోర్డ్ నడిపిన ఆంగ్లేయ దళాలు, విజయనగరం రాజు సైన్యంతో కలిసి, కాన్‌ఫ్లాన్స్ నడిపిన ఫ్రెంచి సైన్యాన్ని ఓడించాయి. ఆంగ్లేయుల వైపు ఎర్ర కోట్లు తొడుక్కున్న మన సిపాయిలనే ఆంగ్లేయులనుకుని ఫ్రెంచివాళ్లు వాళ్ల మీదికి వెళ్లారు, అసలు ఆంగ్లేయ దళమేమో పొడుగ్గా పెరిగిన పైరు చాటున ఉండిపోయింది. చిన్న సైన్యాలు, ఒక చేను, ఒక పొరపాటు. టేబుల్ మీద నడిపించడానికి ఇంతకన్నా చక్కటి పోరాటం మన నేల మీద నాకు కనిపించలేదు. ఆ రోజుల్లోనే ఐరోపాలో జరిగిన ఏడేళ్ల యుద్ధం కాలపు బొమ్మలు 15 మిల్లీమీటర్లలో దొరుకుతాయి. సిపాయిల బొమ్మలు దొరక్కపోతే తలపాగాలను ఎం-సీల్ ముద్దతో చేసి అతికించండి. ఆరడానికి ఒక పూట పడుతుంది, తర్వాత మామూలుగానే రంగు పట్టుకుంటుంది.